నాలుగు కిలోల బాస్‌కి ఒక తోలు బెల్ట్

ఆదివారం సాయంత్రం

బాస్ గిటార్ బరువు 4.3 కిలోలు. లగేజీ తూచే కొక్కేనికి తగిలించి చూశాం. ఫెండర్ కంపెనీ జాజ్ బాస్ నమూనాలో చేసిన నాలుగు తీగల బాస్ అది. ఆ తరహావి చాలావరకు నాలుగు, నాలుగున్నర కిలోల మధ్య తూగుతాయి. వాయించేది మా తమ్ముడు, బాబాయి కొడుకు. చర్చిలో ఆరాధన మొదలయ్యాక వాక్యం చెప్పేటప్పుడు కూర్చుంటాడు, పాటలన్నింటికీ నిలబడే వాయిస్తాడు. క్రిస్మస్ దగ్గర పడితే రాత్రి ప్రాక్టీసులు అదనం.

గిటార్ని భుజానికి తగిలించుకునే బెల్ట్ ఒకటి తోలుతో చేసిస్తానన్నాను. ఇప్పుడు వాడుతున్నది రెండంగుళాల నైలాన్ పట్టీ. దాన్ని తీశాక చొక్కా కాలర్ పక్కకు జరిపి చూపించమన్నాను. ఎడమ భుజం మీద, మెడ మొదట్లో, ఎర్రగా సన్నటి గీత. పట్టీ వెడల్పు రెండంగుళాలు, గీత వెడల్పు పెన్సిల్ అంత. అంటే బరువంతా మోస్తున్నది మెడవైపు అంచు ఒక్కటే, మిగతా పట్టీ ఊరికే భుజం మీద పడుకుని ఉంది.

"అన్నయ్యా, లోపల మందంగా స్పాంజి పెట్టి కుట్టెయ్, చాలు" అన్నాడు. స్పాంజి సంగతి తర్వాత చూద్దాం రా, ముందు కొలతలు ఇవ్వు అన్నాను.

కొలిచే పద్ధతి సులువే. వాయించే ఎత్తులో గిటార్‌ని పట్టుకుని నిటారుగా నిలబడమని, పురికొస ఒక కొసని గిటార్ పై కొమ్ము దగ్గర బెల్ట్ తగిలించడానికున్న బట్టన్‌కి కట్టి, ఎడమ భుజం మీదుగా వీపు మీద అడ్డంగా కుడి చంక కిందికి తెచ్చి, కింది బట్టన్ దగ్గర పట్టుకున్నాను. మొత్తం 46 అంగుళాలు. భుజం మీద అన్నింటికంటే ఎత్తైన చోట స్కెచ్ పెన్నుతో తాడు మీద గుర్తు పెట్టాను. పై బట్టన్ నుంచి ఆ గుర్తు దాకా 13 అంగుళాలు. మిగతా 33 వీపు వైపు.

ఈ 13 నాకు కావలసిన అంకె. షాపులో దొరికే మెత్త ఉన్న బెల్టుల్లో చాలావాటికి ఆ మెత్త పట్టీకి సరిగ్గా నడిమధ్య ఉంటుంది. 46కి నడిమధ్య అంటే 23, అంటే మెత్త కాస్తా వీపు మీదికి పోతుంది. భుజం మాత్రం వట్టి పట్టీ మీదే. చేతికి బాగుందని నొక్కి చూసి కొనుక్కుంటాం, అది మోయాల్సిన చోట ఉండదు.

బట్టన్లు కూడా కొలిచాను. టోపీ 14 మిల్లీమీటర్లు, మెడ 8. టోపీకీ గిటార్ చెక్కకీ మధ్య సందు ఐదు మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. బెల్ట్ చివరలు అంతకంటే మందంగా ఉంటే ఎక్కవు, ఎక్కినా బట్టన్ మీద స్వేచ్ఛగా తిరగవు.

సోమవారం

కత్తి పట్టేముందు అట్ట మీద చేసి చూడాలి. పిల్లల ప్రాజెక్టులకు వాడే చార్టు కాగితం రెండు పొరలు అంటించి, మూడంగుళాల పైచిలుకు, అంటే 80 మిల్లీమీటర్ల వెడల్పున నిటారు పట్టీ కోసి తమ్ముడి భుజం మీద వేశాను. లెక్క ప్రకారం 50 మిల్లీమీటర్ల పట్టీతో పోలిస్తే ఒకటిన్నర రెట్ల కంటే ఎక్కువ జాగా. అది పూర్తిగా ఆనితే కదా. భుజం బల్లపరుపు కాదు, మెడ దగ్గర ఎత్తు, చేతివైపు వాలు. బిరుసుగా ఉన్న వెడల్పు పట్టీ ఎత్తు వైపు ముందు తగులుతుంది, వాలు వైపు గాల్లో లేచి ఉంటుంది. అట్ట కింద నా వేలు దూరేంత సందు కనబడింది. వెడల్పు పెంచితే చాలదు, సరిగా చేయకపోతే వెడల్పు పట్టీయే మెడలోకి ఇంకా లోతుగా వెళ్తుంది.

మెడకు ఆనే వైపు మాత్రం అట్టని కత్తెరతో కొద్దికొద్దిగా లోపలికి పుటంగా కోస్తూ పోయాను. పది మిల్లీమీటర్ల లోతుకి వచ్చేసరికి "ఇప్పుడు మెడకి తగలట్లేదు" అన్నాడు. బయటి అంచు నిటారుగానే ఉంచేశాను. దాంతో బెల్ట్‌కి ఎడమ, కుడి వచ్చేశాయి. ఎడమచేత్తో వాయించేవాళ్లకి ఇది తిరగేసి కోయాలి.

రెండో నిర్ణయం: మెడవైపు అంచున మందపు తోలు రాకూడదు. పై తోలు అంచుకి వచ్చేసరికి పలచబడాలి, లోపలి మెత్తటి తోలు దాని మీదికి మడిచి కుట్టాలి. అప్పుడు మెడకు తగిలేది గుండ్రటి మెత్తటి అంచు, కోసిన తోలు అంచు కాదు. ఈ బెల్ట్ సుఖంగా ఉంటుందా లేదా అన్నది ఆ మెడవైపు అంచు మీదే ఆధారపడి ఉంది. మిగతాదంతా మామూలు కుట్టుపని.

బుధవారం, తోలు గురించి

పై భాగానికి చెట్ల బెరడుతో ఊనిన, అంటే పచ్చి చర్మాన్ని బెరడు రసంలో నానబెట్టి కుళ్లకుండా చేసిన తోలు కావాలి. చెప్పులకీ బ్యాగులకీ ఇప్పుడు వాడేది ఎక్కువగా క్రోమ్ తోలు, అంటే క్రోమియం లవణాలతో ఊనినది. 1884లో అమెరికాలో అగస్టస్ షుల్జ్ పేటెంట్ తీసుకున్న దగ్గర్నుంచి ఆ పద్ధతి ప్రపంచమంతా పాకింది. వారాలు పట్టే పని చాలా త్వరగా అయిపోతుంది, తోలు మెత్తగా, నీళ్లకి తట్టుకునేలా వస్తుంది. కానీ బరువు వేలాడితే ఎక్కువగా సాగుతుంది, కోసిన అంచుని రుద్దితే నునుపు రాదు, రంగు పూయాల్సిందే. బెరడు తోలు అలా కాదు, తడిపి చెక్కితే చెక్కినట్టు ఉంటుంది, అంచు రుద్దితే మెరుస్తుంది, తొందరగా సాగదు.

మనవైపు ఈ పనికి పాతకాలం నుంచీ వాడింది తంగేడు బెరడు. బతుకమ్మలో పేర్చే తంగేడే. దక్షిణాదిలో తంగేడు బెరడు, కరక్కాయ. ఉత్తరాదిలో, కాన్పూర్ వైపు, తుమ్మ బెరడు. ఇప్పుడు విదేశీ తుమ్మజాతి వాటిల్ చెట్టు సారం చాలాచోట్ల వీటి స్థానంలోకి వచ్చింది. తమిళనాడులో తిరుచ్చి, దిండిగల్, ఈరోడ్ వైపు చేసే ఈస్ట్ ఇండియా తోలుకి భౌగోళిక గుర్తింపు ఉంది. గుర్రపు జీనుల పనికి పేరున్న కాన్పూర్‌కీ ఉంది.

నేను చెన్నై పెరియమెట్‌లో కొన్నాను. సెంట్రల్ స్టేషన్‌కి దగ్గరే, వీధుల నిండా తోలు దుకాణాలే. తీసుకున్నది కాన్పూర్ వైపు నుంచి వచ్చిన గేదె తోలు, జీనులకు వాడే రకం. ఆవు తోలుతో పోలిస్తే గేదె తోలు ముఖం కాస్త గరుకు, రంధ్రాలు పెద్దవి. బలానికి ఢోకా లేదు. మందం నాలుగు మిల్లీమీటర్లు ఉంది, మిషన్ మీద పెట్టించి రెండున్నరకి తగ్గించుకున్నాను. అక్కడ ముక్క ఎంచుకోవడమే పెద్ద పని. తోలు చదరపు అడుగుల లెక్కన అమ్ముతారు. పొట్ట భాగం చవకగా ఇస్తామంటారు, బెల్ట్‌కి అది పనికిరాదు. పొట్ట చర్మం జంతువు బతికున్నప్పుడే సాగడానికి అలవాటు పడ్డది. వెన్నుపూస పక్కన, వెన్నుకి సమాంతరంగా కోసిన పట్టీయే నిలుస్తుంది. కొనేముందు అంచు దగ్గర ముఖం లోపలికి వచ్చేలా మడిచి చూడాలి. సన్నటి ముడతలు పడితే పీచు దగ్గరగా ఉన్నట్టు. లావుగా, వదులుగా ముడతలు లేస్తే వద్దని పక్కన పెట్టేయడమే.

"బ్యాగుకా సార్?" అని అడిగాడు కొట్టాయన. గిటార్ బెల్ట్‌కి అన్నాను. ఎంత బరువు అని అడిగి, నేను తీసిన ముక్క పక్కన పెట్టి, అదే సైడ్‌లో నడుము దగ్గరి ముక్క చూపించాడు. ముడత పరీక్షలో అదే బాగుంది. అమ్మేవాడు వినియోగం అడిగాడంటే నాకు సగం నమ్మకం కుదిరినట్టే.

గురువారం రాత్రి, తెల్ల చొక్కా సమస్య

తమ్ముడు ఆదివారం వేసుకునేది తెల్ల చొక్కా. ఊరేమో విజయవాడ. ఎండాకాలంలో ఫ్యాను కింద నిలబడ్డా వీపు తడిసిపోతుంది. బెల్ట్ మీద ఏ రంగు వేసినా చెమటకి అది చొక్కాకి అంటుతుందేమోనన్నదే నా టెన్షన్ అంతా.

లోపలి అస్తరుకి ముందు మేక తోలు అనుకున్నాను, అదీ బెరడుతో ఊనినదే, రంగు వేయనిది. పాత తెల్ల బనీను ముక్కని ఉప్పునీళ్లలో ముంచి పిండి, ఆ తోలు మీద గట్టిగా రుద్ది చూశాను. టీ మరక లాంటి లేత గోధుమ రంగు దిగింది. రంగు వేయకపోయినా బెరడులోని టానిన్, అంటే తోలుని ఊనే పదార్థం, తడికి బయటికి వస్తుంది. ఇంకో ఇబ్బంది ఏమిటంటే ఈ తోలు చెమటకి తడిసి ఆరి, తడిసి ఆరి, కొన్నాళ్లకి బిరుసెక్కుతుంది. మెడకు ఆనే చోట బిరుసు అంటే మళ్లీ మొదటికే.

అదే పరీక్ష రంగు వేయని క్రోమ్ మేక స్వేడ్ (ఒక వైపు గరుకుగా, నూగుగా ఉండే తోలు) మీద చేశాను. చూడ్డానికి లేత బూడిద నీలంగా, ముసురు రోజు ఆకాశంలా ఉంది. బనీను ముక్క ఉన్నది ఉన్నట్టు తెల్లగానే వచ్చింది. మందం ఒక మిల్లీమీటరు లోపు, రెండువేళ్లతో లాగితే కొంచెం సాగుతుంది. బెరడు తోలంటే ప్రాణం పెట్టే నాలాంటివాడికి క్రోమ్ పేరెత్తడం నామోషీగానే ఉంటుంది. కానీ చెమట తగిలే చోట దానికే ఓటు. పైన తంగేడు కాలం నాటి పద్ధతి, లోపల క్రోమ్.

స్వేడ్ ఎంత మేర వేయాలన్నది మరో లెక్క. బాస్‌కి మెడ పొడవు, చివర తీగలు బిగించే మీటలు బరువు. చెయ్యి వదిలితే తలవైపు కిందికి దిగబోతుంది. లోపలి ముఖం నున్నగా ఉంటే బెల్ట్ జారి దానికి సాయపడుతుంది, గరుకుగా ఉంటే భుజం పట్టుకుంటుంది. అలాగని మొత్తం గరుకే వేస్తే, గిటార్ కదిలినప్పుడల్లా చొక్కా కూడా లాక్కుపోయి కాలర్ ఒక పక్కకి వచ్చేస్తుంది. కాబట్టి మెత్త ఉన్న భుజం మేర స్వేడ్ గరుకు బయటికి. వీపు మేర అదే తోలు తిరగేసి, నున్నటి వైపు చొక్కాకి.

శుక్రవారం, స్పాంజి పంచాయతీ

తమ్ముడి మాట కాదనకుండా పరుపులో వాడే స్పాంజి, 12 మిల్లీమీటర్లది, ఒక ముక్క తెచ్చాను. పక్కన చెప్పుల అడుగుకి వాడే ఈవా షీటు, నాలుగు మిల్లీమీటర్లది. బెల్ట్ వెడల్పున రెండు చెక్కముక్కలు కోసి, మధ్యలో ఒక్కోదాన్ని పెట్టి, పైన బియ్యం సంచితో నాలుగు కిలోలు వేశాం. స్పాంజి రెండు చెక్కల మధ్య అప్పడం అయిపోయింది, ఈవా షీటు తగ్గినట్టే కనబడలేదు. "చేత్తో నొక్కితే స్పాంజే బాగుంది కదన్నయ్యా!" అంటాడు. బాగుంటుంది. వేలి బరువుకి బాగుంటుంది. నాలుగు కిలోలకి అది లేనట్టే, పైగా చెమట పీల్చుకుని వాసన పడుతుంది.

ఈవా ఎందుకసలు, తోలు ఒక్కటే చాలదా అని అడిగేవాళ్లున్నారు. తేలికైన గిటార్‌కి నిజంగా చాలు. కరెంటు అక్కర్లేని అకౌస్టిక్ గిటార్ దాదాపు రెండు కిలోలే. నాలుగు దాటిన బాస్‌కి ఈవా పని మెత్తదనం కంటే బరువుని పంచడం. పై తోలు, స్వేడ్ మధ్య కాస్త వంగే పలక ఉంటే వాలు భుజం మీద బెల్ట్ రెండు అంచులూ ఆనుతాయి. షీటు నాలుగు వైపులా అంచుల్ని గరుకు కాగితంతో రుద్ది సున్నాకి దించాను. అలా దించకపోతే మెత్త ఆగిపోయే చోట మెట్టులా తెలుస్తుంది, అదే రేపు కొత్త గీత అవుతుంది.

మెత్త ఎక్కడినుంచి ఎక్కడికి: భుజం గుర్తు 13 దగ్గర కదా, దానికి ముందు ఐదంగుళాలు, వెనక ఎనిమిది. కాలర్ బోన్ దగ్గర మొదలై భుజం రెక్క మీద ముగుస్తుంది.

శనివారం, కోత, అక్షరాలు

ముఖ్య భాగం 37 అంగుళాలు. ముందు కొస 50 మిల్లీమీటర్ల వెడల్పు, భుజం దగ్గర 80, వెనక మళ్లీ 50కి దిగుతుంది. తోక వేరే ముక్క, 25 మిల్లీమీటర్ల వెడల్పు. రెండింటినీ కలిపేది రెండు ఇత్తడి స్టడ్లు, కన్నంలో దూరి పట్టుకునే బొడిపెలు. వాటి అడుగు బిళ్లలు అస్తరు కిందికి వెళ్తాయి కాబట్టి చొక్కాకి లోహం తగలదు. తోకలో అంగుళానికి ఒక కన్నం, పొడవు అటూ ఇటూ మూడంగుళాలు మార్చుకోవచ్చు. ఇత్తడే ఎందుకంటే ఇనుము తడి బెరడు తోలుకి తగిలితే నల్లటి మరక పడుతుంది. టానిన్‌కీ ఇనుముకీ పడదు. కొందరు ఆ గుణాన్నే వాడుకుని, ఇనప పీచు వెనిగర్‌లో నానబెట్టిన నీళ్లతో తోలుకి నల్లరంగు వేస్తారు. మనకి ఆ రంగు వద్దు.

ముందు భాగం మీద "హల్లెలూయ" అని ఉండాలన్నది తమ్ముడి ఒకే ఒక్క షోకు. మెత్త మొదలయ్యేలోపు ఆరంగుళాల జాగా ఉంది, అక్షరం కింద అక్షరం నిలువుగా. ఇంగ్లిష్ అక్షరాల అచ్చులు సెట్లుగా దొరుకుతాయి, తెలుగువి నాకు దొరకలేదు. స్వివెల్ కత్తితో చేతిరాతే గతి. నిజానికి తెలుగు దీనికి బాగా కుదిరింది. ఆ కత్తి పిడి వేళ్ల మధ్య గిర్రున తిరుగుతుంది, వంపులు తిప్పడానికే పుట్టినట్టు ఉంటుంది. "హ" ఒక్క ఊపులో వచ్చింది. తలనొప్పి అంతా "ల్లె" దగ్గర. కింద లావత్తు వేలాడుతుంది, దాని కిందే "లూ". నాలుగక్షరాలకీ సమాన దూరం ఇస్తే ఆ ఒత్తు వచ్చి "లూ" నెత్తిన కూర్చుంది. అందుకే కాగితం మీద "ల్లె"ని కాస్త పైకి జరిపి, ఒత్తుని చిన్నది చేసి, కంటికి సమానంగా కనబడే దాకా స్కేలు పక్కన పడేశాను.

తోలుని తడి స్పాంజితో తుడిచి, రంగు మళ్లీ లేతగా మారడం మొదలయ్యాక కత్తి పెట్టాలి. మరీ తడిగా ఉంటే గీత మూసుకుపోతుంది, ఆరిపోతే కత్తి లాగుతుంది. లోతు మందంలో మూడో వంతు దాటనివ్వలేదు. ఇది బరువు మోసే పట్టీ, అడ్డంగా పడే ప్రతి గాటూ బలహీనతే. గేదె తోలు గరుకుకి సన్నటి నగిషీ నిలవదు, కాబట్టి గీతల పక్కన వాలు నొక్కి వదిలేశాను. పూలూ తీగలూ ఏమీ లేవు.

ఆ తర్వాత వారం

మేడ మీద ఎండ. బెరడు తోలు ఎండకి రంగు తిరుగుతుంది. పాలిపోయిన గులాబీ ఛాయ నుంచి తేనె రంగుకి వచ్చేదాకా ఉంచాను. రంగు డబ్బా ముట్టుకునే పని లేదు. ఎండలో పెట్టినప్పుడు మీద గుడ్డపేలిక పడినా దాని నీడ అచ్చు మిగిలిపోతుంది, గంటకోసారి తిప్పి చూసుకోవాలి. చివర్లో నీట్స్‌ఫుట్ నూనె (పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసేది) ఒక్క పూత, పలచగా. నూనె ఎక్కువైతే తోలు మెత్తబడి సాగుతుంది, మన వాతావరణంలో బూజు కూడా పిలుస్తుంది.

అంచు పలచన చేసే పనికి మా వీధి చివర చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి వెళ్లాను. నా దగ్గరున్న స్కైవింగ్ కత్తి కంటే ఆయన రాతి మీద నూరుకున్న కత్తి పదును. "ఎంత పలచన బాబూ?" అన్నాడు. రెండున్నర నుంచి ఒకటికి, ఈ పుటం మేర అని గీసి చూపించాను. కాలి మధ్య రాయి పెట్టుకుని, కత్తిని తనవైపు కాకుండా అవతలికి తోస్తూ, ఉల్లిపొర లాంటి పేళ్లు తీశాడు. మధ్య మధ్యలో అంచుని బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి జార్చి చూస్తాడు. కొలత పనిముట్టు అదే. ఇంటికొచ్చి కాలిపర్‌తో చూస్తే అంతటా ఒకటికి కొంచెం అటూ ఇటూగా ఉంది.

అతికింపు మామూలు సొల్యూషన్‌తో. రెండు వైపులా పూసి, వేలికి అంటుకోనంతగా ఆరాక కలిపి సుత్తితో తట్టడమే. ముందు ఈవా, తర్వాత అస్తరు. పుటం వైపు అస్తరుని 12 మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచి పైకి మడిచాను. లోపలికి వంగిన అంచు మీద మడత వేస్తే మడతకొస చాలక లాగుతుంది. సాగే గుణమున్న స్వేడ్ కాబట్టి గాట్లు పెట్టకుండానే కూర్చుంది. పుటం ఇంకా లోతుగా ఉండుంటే గాట్లు తప్పేవి కావు.

కుట్టు

నాలుగు మిల్లీమీటర్లకో పోటు వచ్చేలా పళ్ల పంచ్‌తో గుర్తులు కొట్టి, ఆరెతో కన్నం తీస్తూ రెండు సూదుల కుట్టు. మైనం పట్టించిన పాలిస్టర్ దారం, 0.8 మిల్లీమీటర్లది. కుట్టే దూరానికి నాలుగింతల దారం పడుతుంది. రెండు వైపులా కలిపి రెండు మీటర్ల కుట్టు అంటే ఎనిమిది మీటర్ల దారం, ఒకేసారి ఎక్కించుకుంటే చేతులు చాలవు, ముడులు పడతాయి. ముక్కలుగా చేసి, పాత దారం ముగిసిన చోట మూడు కుట్లు వెనక్కి వచ్చి కొత్తది ఎత్తుకున్నాను.

ప్రతి కన్నంలోనూ ఎడమచేతి సూది ముందు, కుడిచేతి సూది దాని వెనక. కుడి సూది వెళ్లేటప్పుడు ఎడమ దారాన్ని కాస్త వెనక్కి లాగి పట్టాలి, లేకపోతే సూది దారంలోనే గుచ్చుకుని ఆ కుట్టు ఇక బిగియదు. ఆపైన రెండు చేతులూ ఒకే బలంతో లాగాలి. దారం తోలులో కూర్చునేటప్పుడు చిన్నగా కిర్రుమంటుంది, అక్కడితో ఆపాలి. ఇంకా లాగితే స్వేడ్ ముడుచుకుపోతుంది. మిషన్ కుట్టులో పైదారం, కిందిదారం ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, ఒకటి తెగితే వరస ఊడుతూ పోతుంది. ఇందులో రెండు దారాలూ ప్రతి కన్నంలోంచీ పోతాయి కాబట్టి ఒకటి తెగినా రెండోది ఆపుతుంది. భుజం మీద బరువు వేలాడే వస్తువుకి ఈ శ్రమ దండగ కాదు.

బయటి అంచు మామూలుగా, బెవెలర్‌తో మూలలు తీసి, నీళ్లు తడిపి కర్రతో రుద్ది, తేనెమైనం పట్టించి మళ్లీ గుడ్డతో రుద్దడం. ఈ పని పాటలు వింటూ చేసుకోవచ్చు, బుర్ర అక్కర్లేదు.

బట్టన్ కన్నాలు

బెల్ట్ ఊడి గిటార్ కింద పడటానికి కారణం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది, కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. బట్టన్ మెడ 8 మిల్లీమీటర్లు, కన్నం 7 కొట్టాను, బిగుతుగా ఉండాలి. 14 మిల్లీమీటర్ల టోపీ దూరడానికి కన్నం నుంచి ఒక చీలిక. ఆ చీలిక భుజం వైపుకే ఉండాలి, కొసవైపు కాదు. గిటార్ బరువు బట్టన్‌ని ఎప్పుడూ పట్టీ కొసవైపే లాగుతుంది. చీలిక అటువైపు పెడితే బట్టన్ నెమ్మదిగా దాంట్లోకి జరుగుతుంది. చీలిక చివర రెండు మిల్లీమీటర్ల చిన్న చిల్లు పెడితే అక్కడినుంచి చిరుగు పాకదు. కొస దగ్గర రెండు పొరలూ కలిపి మూడున్నర మిల్లీమీటర్లు వచ్చింది. ఐదు మిల్లీమీటర్ల సందులో సరిపోతుంది. తోకలోని కన్నాలకీ ఇదే సూత్రం, దిక్కు మాత్రం తిరగబడుతుంది.

మొదటిసారి ఎక్కించడానికి బొటనవేళ్లు నొప్పి పుడతాయి. పుట్టాలి. కొత్త తోలు బెల్ట్ సులువుగా ఎక్కిందంటే ఆర్నెల్లకి సులువుగా ఊడుతుంది కూడా.

బరువు పరీక్ష

గిటార్‌కి ముందు వాటర్ క్యాన్. చెక్కకి రెండు విడి బట్టన్లు బిగించి, బెల్ట్‌ని మెట్ల కింద కడ్డీ మీదుగా వేసి, 20 లీటర్ల నిండు క్యాన్ వేలాడదీశాం. బాస్ బరువుకి నాలుగున్నర రెట్ల పైమాటే. రాత్రంతా అలాగే ఉంచాం. పిన్ని పొద్దున్నే లేచి "ఇదేం పూజరా?" అంది. దించి కొలిస్తే మూడు మిల్లీమీటర్లు సాగి ఉంది. కన్నాలు గుండ్రంగానే ఉన్నాయి, స్టడ్లు కదల్లేదు. బెల్ట్ మొత్తం బరువు 240 గ్రాములు.

ఆదివారం

చర్చిలో వెనక బెంచీలో కూర్చుని పాటల కంటే వాడి భుజం ఎక్కువ చూశాను. రెండో పాటకి ఎప్పుడూ భుజం ఎగరేసి పట్టీ సర్దుకునేవాడు, ఇవాళ ఆ అలవాటు కొద్దీ చెయ్యి పెట్టాడుగానీ సర్దడానికి ఏమీ లేనట్టుంది, దించేశాడు. గిటార్ వదిలి పేజీ తిప్పినప్పుడు గిటార్ మెడ కొంచెం దిగి ఆగిపోయింది.

అయ్యాక కాలర్ జరిపి చూశాం. భుజం మీద అరచేతి వెడల్పున స్వేడ్ అచ్చు లేతగా ఉంది, గీత లేదు. చొక్కా తెల్లగానే ఉంది, చెమట మాత్రం బాగా పట్టింది. వాడి ఫిర్యాదు ఒక్కటే, వీపు మీద తోక చివర మిగిలిన రెండంగుళాలు లేచి నిలబడుతోందట. దానికొక తోలు ఉంగరం కుట్టి ఇచ్చాను, కొస అందులో దూరుస్తాడు.

నెల తర్వాత ఒక కొలత

మొత్తం పొడవు ఇంకో నాలుగు మిల్లీమీటర్లు పెరిగింది. తోకలో కన్నం మార్చేంత కాదు. మెడవైపు మడత అంచు కాస్త నలుపెక్కింది, తడి గుడ్డతో తుడిస్తే పోయింది. ముసురు రోజుల్లో బెల్ట్‌ని గిటార్ సంచీలో మూసిపెట్టొద్దని, ప్లాస్టిక్ కవర్లో అసలే పెట్టొద్దని చెప్పాను. బూజు కనబడితే పొడి గుడ్డతో తుడిచి నీడలో గాలికి వేలాడదీస్తే చాలు. బాస్‌కి వేసింది మామూలు పాలీ పాలిష్ కాబట్టి బెల్ట్ దానికే ఉంచేసినా ఫర్వాలేదు. నైట్రో సెల్యులోజ్ పాలిష్ ఉన్న పాత గిటార్లయితే బెల్ట్ విప్పి పెట్టుకోవాలి. ముఖ్యంగా రబ్బరు, వినైల్ బెల్టులు ఆ పాలిష్‌ని కరిగించి మచ్చ పెడతాయి.

ఇప్పుడు అదే చర్చిలో అకౌస్టిక్ వాయించే అమ్మాయి తనకీ ఒకటి కావాలంది. ఆ గిటార్‌కి కింద ఒక్కటే బట్టన్ ఉంది, పై కొసని మీటల దగ్గర తాడుతో కట్టుకుంటోంది. గిటార్ మెడ డొల్లకి కలిసే చోట రెండో బట్టన్ వేయించమని చెప్పాను, అప్పుడే కొలతలు తీసుకుంటాను. రెండు కిలోల గిటార్ కాబట్టి ఈవా అక్కర్లేదు, 50 మిల్లీమీటర్ల వెడల్పు చాలు. పెరియమెట్ ముక్కలో వెన్ను పక్క పట్టీ ఇంకా ఒకటి మిగిలే ఉంది.